‘ప్రమాదం తక్కువ’ అన్న రిపోర్టు, నెల తర్వాత చిరిగిన తొడ కండరం: ఒక స్ప్రింటర్ కేస్ స్టడీ

ఈ కేసులోని క్రీడాకారుడికి ఇరవై ఏళ్లు. 100, 200 మీటర్ల పరుగు అతని విభాగాలు. ఎత్తు 174 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు. మిరప పండించే పల్నాడు కుటుంబం. డిగ్రీ చదువుతూ ఒక కోచ్ దగ్గర శిక్షణ పొందుతున్నాడు. అతని అనుమతితోనే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న కొన్ని వివరాలు మార్చాను.

నా దగ్గరికి వచ్చేటప్పటికి కుడి తొడ వెనుక కండరం (హామ్‌స్ట్రింగ్) దెబ్బతిని రెండు రోజులైంది. తండ్రి చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంది. నెల కిందట ఒక ప్రైవేటు ల్యాబ్‌లో చేయించిన, కండర బలాన్ని కొలిచే ఐసోకైనెటిక్ పరీక్ష రిపోర్టు అందులో ఉంది. కింద ఆకుపచ్చ గడిలో ‘హామ్‌స్ట్రింగ్ గాయం ప్రమాదం: తక్కువ’ అని అచ్చు వేసి ఉంది. తండ్రి ఆ గడి మీద వేలు పెట్టి, “ఇంత ఖర్చు పెట్టి పరీక్ష చేయిస్తే ఏమీ రాదన్నారు కదమ్మా, మరి ఎలా వచ్చింది?” అని అడిగారు. ఆ ప్రశ్నకు సరైన జవాబు ఇవ్వాల్సిన బాధ్యత ఫిజియోథెరపిస్టులందరి మీదా ఉందని నా నమ్మకం. అందుకే ఈ కేసును వివరంగా రాస్తున్నాను.

రిపోర్టులో ఏముంది

కుర్చీ లాంటి యంత్రంలో కూర్చోబెట్టి, మోకాలిని సెకనుకు 60 డిగ్రీల స్థిర వేగంతో మడిచి చాపించారు. హామ్‌స్ట్రింగ్ గరిష్ఠ బలం కుడివైపు 118 న్యూటన్ మీటర్లు, ఎడమవైపు 124. తొడ ముందు కండరాలతో పోల్చిన నిష్పత్తి కుడివైపు 0.58, ఎడమవైపు 0.60. రెండు కాళ్ల మధ్య తేడా ఐదు శాతం లోపే. కొలతలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. యంత్రం బాగా పనిచేసింది, చేసినవారు పద్ధతి ప్రకారమే చేశారు. చిక్కంతా ఆ అంకెల కింద రాసిన ఒక్క వాక్యంలో ఉంది.

రిపోర్టులో కనిపించని సంగతి ఒకటుంది. అదే కుడి తొడకు పదకొండు నెలల కిందట ఒకసారి గాయమైంది. అప్పుడు నొప్పి తగ్గే స్ప్రే కొట్టి, రెండు వారాలు ఇంట్లో కూర్చోబెట్టి, నొప్పి పోగానే స్పైక్స్ వేసి ట్రాక్ మీదికి పంపించేశారు. పాత గాయం ఉన్న కాలికి మళ్లీ గాయమయ్యే అవకాశం ఎక్కువన్నది ఈ రంగంలో పదేపదే రుజువైన విషయం. ఏ బలపరీక్షా చెప్పలేనంత గట్టిగా దాన్ని పాత గాయమే చెబుతుంది. ల్యాబ్ ఫారంలో ఆ ప్రశ్న ఉంది, జవాబు గడి మాత్రం ఖాళీగా ఉంది.

పరీక్షించినప్పుడు కనిపించినవి

శిక్షణలో ఫ్లయింగ్ స్ప్రింట్ (ముందే వేగం అందుకుని తీసే పూర్తి వేగపు పరుగు) చివరి మీటర్లలో ‘టక్’మన్నట్టు అనిపించి ఆగిపోయాడు. కూర్చునే ఎముక నుంచి సుమారు 12 సెంటీమీటర్ల కింద, బయటి వైపు వేలు పెడితే నొప్పి. మోకాలు చాపి కాలు పైకి లేపితే ఎడమవైపు 80 డిగ్రీలు, కుడివైపు 55 దగ్గరే పట్టేసింది. ఎంఆర్ఐలో, హామ్‌స్ట్రింగ్‌లో బయటి వైపు ఉండే బైసెప్స్ ఫెమోరిస్ పొడవైన తలలో, కండరమూ స్నాయువూ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) కలిసేచోట చిరుగు కనిపించింది. బ్రిటిష్ అథ్లెటిక్స్ వర్గీకరణ ప్రకారం 2బి: ‘2’ అంటే మధ్యస్థ తీవ్రత, ‘బి’ అంటే ఆ కలిసేచోటు. స్నాయువు లోపలికి చిరుగు పాకలేదు. అది మా అదృష్టం. స్నాయువు కూడా చిరిగే ‘సి’ రకం గాయాలు మానడానికి ఎక్కువ కాలం పడుతుంది, తిరగబెట్టే స్వభావమూ ఎక్కువ.

బలం కొలవడానికి నా దగ్గర ఖరీదైన యంత్రం లేదు. బీపీ యంత్రం ఉంది. దాని పట్టీని మడిచి మడమ కింద పెట్టి, 10 మిల్లీమీటర్ల పీడనం వరకు గాలి నింపి, వెల్లకిలా పడుకున్న క్రీడాకారుణ్ణి మడమతో కిందికి నొక్కమంటాను. ముల్లు ఎక్కడిదాకా వెళ్తుందో రాసుకుంటాను. మోకాలు 30 డిగ్రీలు మడిచి ఒకసారి, 90 డిగ్రీలు మడిచి ఒకసారి. ప్రతిసారీ అదే బల్ల, అదే పట్టీ, వీలైతే అదే సమయం. క్రమం తప్పకుండా చేస్తే ఈ చిన్న పరీక్ష ఎంతో చెబుతుంది. నొప్పి మొదలైనచోట ఆపమని చెప్పి మొదటిసారి కొలిచినప్పుడు, 90 డిగ్రీల దగ్గర ఎడమకాలు 196, కుడికాలు 150. 30 డిగ్రీల దగ్గర ఎడమకాలు 212, కుడికాలు 104.

ఈ రెండు జతల మధ్య తేడాను కాస్త ఆగి చూడాలి. మోకాలు బాగా మడిచి ఉన్నప్పుడు గాయపడిన కాలు రెండోదాని బలంలో ముప్పావు వంతు చూపించింది. మోకాలు చాపుతూ కండరం పొడవయ్యేసరికి సగానికి పడిపోయింది. బలం ఎంత అన్న ప్రశ్నకు ఎక్కువ విలువ లేదు. కండరం ఎంత పొడవులో ఉండగా కొలిచామన్నది కూడా చెప్పినప్పుడే ఆ అంకెకు అర్థం వస్తుంది.

కండరం ఎప్పుడు చిరుగుతుంది, మనం ఎప్పుడు కొలుస్తున్నాం

పూర్తి వేగంతో పరిగెత్తేటప్పుడు కాలు గాలిలో ముందుకు దూసుకొచ్చి నేలను తాకే ముందు ఒక క్షణం ఉంటుంది. తుంటి మడిచి ఉంటుంది, మోకాలు చాపుకుంటూ ఉంటుంది. ఆ వేగాన్ని అదుపు చేయడానికి హామ్‌స్ట్రింగ్ సాగుతూనే గట్టిగా పట్టుకుంటుంది, బండి దిగుడులో బ్రేకు పట్టినట్టు. నిలబడి ఉన్నప్పటి పొడవుకంటే బైసెప్స్ ఫెమోరిస్ అప్పుడు సుమారు పదో వంతు ఎక్కువ సాగుతుంది. మోకాలి కదలిక సెకనుకు వెయ్యి డిగ్రీలు దాటుతుంది. స్ప్రింటర్ల గాయాల్లో ఎక్కువ భాగం ఈ దశలోనే అవుతాయని మన అవగాహన.

ల్యాబ్‌లో కొలిచింది సెకనుకు 60 డిగ్రీల వేగంలో, అదీ కండరం కుదించుకుంటూ ఉన్నప్పుడు, అదీ తాజాగా విశ్రాంతి తీసుకుని వచ్చిన కాలితో. పరీక్ష గదిలో అడిగిన పని వేరు, ట్రాక్ మీద ఎనభయ్యో మీటరు దగ్గర ఆ కండరం చేయాల్సిన పని వేరు.

కేవలం పరీక్ష పద్ధతిని మెరుగుపరిస్తే సరిపోతుందా అని కొందరు అడుగుతారు. సాగుతూ చూపే బలాన్ని, అంటే ఎక్సెంట్రిక్ బలాన్ని కొలిచే నార్డిక్ పరీక్ష (మోకాళ్ల మీద నిలబడి, చీలమండల్ని పట్టి ఉంచగా ఒంటిని నెమ్మదిగా ముందుకు వాల్చడం) మీద చాలా ఆశలు పెట్టుకున్నారు. 2015లో ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద వచ్చిన అధ్యయనం, సీజన్ ముందు శిక్షణ మొదట్లో 256 న్యూటన్ల కంటే తక్కువ ఉన్నవారికి ప్రమాదం 2.7 రెట్లు అని చెప్పింది. మరుసటి ఏడాది అక్కడి సాకర్ ఆటగాళ్లలో అదే గీత 337 న్యూటన్ల దగ్గర పడింది. ఒకే దేశం, ఒకే రకం పరికరం, ఎనభై న్యూటన్ల తేడా. 68 కిలోల మన స్ప్రింటర్‌కు ఈ రెండింటిలో ఏ గీత వాడాలి? ఏదీ వాడకూడదు. నార్డిక్‌లో వచ్చే అంకె శరీర బరువును బట్టి కూడా మారుతుంది. ఎనభై, తొంభై కిలోల ఆటగాళ్ల అంకెను తెచ్చి ఇక్కడ గీత గీయడం సరికాదు. అధ్యయనాలన్నీ కలిపి చూసిన 2021 నాటి సమీక్ష కూడా సీజన్ ముందు నార్డిక్ బలం రాబోయే గాయం గురించి చెప్పేది కొంచెమేనని తేల్చింది.

ఐసోకైనెటిక్ పరీక్షదీ అదే కథ. ఖతార్‌లో 614 మంది ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాళ్లను పరీక్షించి తర్వాత గమనిస్తే 190 మందికి హామ్‌స్ట్రింగ్ గాయాలయ్యాయి. గాయపడినవారికీ పడనివారికీ బలంలో తేడా ఉంది కానీ, అది చాలా స్వల్పం. 2017లో 413 మంది మీద నార్డిక్‌నూ కలిపి చేసిన అధ్యయనం ఇంకా సూటిగా మాట్లాడింది: ఎవరికి గాయమవుతుందో ముందుగా చెప్పడానికి ఈ బలపరీక్షలకు వైద్యపరమైన విలువ లేదంది.

ఇది తండ్రికి ఎలా చెప్పాలి? కాగితం మీద వంద చుక్కలు పెట్టాను. లెక్క సులువుగా ఉండడానికి ఊహించిన అంకెలివి, ఏ అధ్యయనంలోవీ కావు. వంద మంది పరుగువీరుల్లో నలభై మంది బలహీనులు, అరవై మంది బలవంతులు అనుకుందాం. బలహీనుల ప్రమాదం రెట్టింపు అనుకుందాం: వాళ్లలో నూటికి ముప్పై, వీళ్లలో నూటికి పదిహేను. సీజన్ ముగిసేసరికి బలహీనుల్లో పన్నెండు మందికి, బలవంతుల్లో తొమ్మిది మందికి గాయమవుతుంది. అంటే ఎర్ర గడి వచ్చిన నలభై మందిలో ఇరవై ఎనిమిది మందికి ఏమీ కాదు. ఆకుపచ్చ గడి వచ్చినవారిలో తొమ్మిది మంది ఆస్పత్రికి వస్తారు. ప్రమాదం నిజంగా రెట్టింపే అయినా ఒక మనిషి విషయంలో పరీక్ష ఇంతకుమించి చెప్పలేదు. ఆయన చుక్కలన్నీ లెక్కపెట్టుకుని, “అయితే మావాడు ఆ తొమ్మిదిలో ఒకడా?” అన్నారు. అంతేనన్నాను.

కోచ్ నోటు పుస్తకం

నాకు అసలు ఆధారం దొరికింది కోచ్ గారి నోటు పుస్తకంలో. ఏ రోజు ఎన్ని పరుగులు, ఎంత వేగం, ఎంత విరామం అన్నీ నీలం ఇంకుతో రాసుకున్నారు. పరీక్ష జరిగిన వారంలో ఈ అబ్బాయి వారానికి రెండుసార్లు పూర్తి వేగంతో పరిగెత్తుతున్నాడు. ఆ వెంటనే సెమిస్టర్ పరీక్షలు. రెండున్నర వారాల పాటు పేజీలో ‘జాగింగ్’, ‘సెలవు’ అన్న మాటలే ఉన్నాయి. తిరిగొచ్చిన మొదటి వారంలోనే, ఎంపిక పోటీలు దగ్గరపడ్డాయని, మూడు స్పీడ్ సెషన్లు. మూడోదాంట్లో గాయం.

కోచ్ గారు దాచుకోకుండా చెప్పారు: “రిపోర్టు బాగానే ఉంది కదా అని పూర్తి వేగం ఇచ్చాను మేడమ్. అది లేకపోతే కొంచెం నిదానంగా వెళ్లేవాణ్ణి.” ఈ కేసులో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టిన మాట ఇదే. పనికిరాని పరీక్ష వల్ల డబ్బు పోతుందని మాత్రమే అనుకుంటాం. ఇక్కడ ఆకుపచ్చ గడి ఒక అనుభవజ్ఞుడి సహజమైన జాగ్రత్తను పక్కకు నెట్టింది. రిపోర్టు వచ్చిన రోజున్న కాలు వేరు, నెల తర్వాత ట్రాక్ ఎక్కిన కాలు వేరు. పూర్తి వేగానికి దూరంగా ఉన్న రెండున్నర వారాల్లో ఆ కండరం పూర్తి వేగాన్ని తట్టుకునే అలవాటు తప్పింది. దానికి తోడు పాత గాయం.

చికిత్స

మొదటి వారం నుంచే నొప్పి లేని మేర నడక, ఆపై నెమ్మది పరుగు, కదలకుండా బిగించే వ్యాయామాలు మొదలుపెట్టాం. రెండో వారం నుంచి కండరాన్ని పొడవుగా సాగిన స్థితిలో పనిచేయించే, స్వీడన్ పరిశోధకుడు ఆస్క్‌లింగ్ పేరిట ఉన్న వ్యాయామాలు: ఎక్స్‌టెండర్, డైవర్, గ్లైడర్. స్వీడన్‌లో మేటి స్ప్రింటర్లు, జంపర్ల మీద చేసిన అధ్యయనంలో ఈ పద్ధతి పాటించినవారు సగటున 49 రోజుల్లో శిక్షణకు తిరిగొస్తే, మామూలు వ్యాయామాలు చేసినవారికి 86 రోజులు పట్టింది. కండరం ఏ పొడవులో దెబ్బతిన్నదో ఆ పొడవులోనే దాన్ని మళ్లీ బలపరచాలన్నది అందులోని సారం. మూడో వారం చివర నార్డిక్ చేర్చాం. మొదట్లో సగం దూరమే, చేతులతో ఆపుకుంటూ. చీలమండల్ని పట్టుకోవడానికి రోజూ తండ్రే మోకాళ్ల మీద కూర్చునేవారు.

పట్టీ పరీక్ష వారానికి రెండుసార్లు. మూడో వారం చివరికి 90 డిగ్రీల దగ్గర కుడికాలు 192, అంటే ఎడమకాలితో దాదాపు సమానం. 30 డిగ్రీల దగ్గర 178, ఇంకా పదహారు శాతం వెనుక. 90 డిగ్రీల అంకె ఒక్కటే చూసి ఉంటే ఆ రోజే ‘నయమైంది’ అనేవాళ్లం. ఐదో వారం చివరికి 30 డిగ్రీల దగ్గర కూడా 204కు వచ్చింది, ఎడమకాలు 214. తెలిసిన శిక్షణ కేంద్రంలో బలాన్ని అంకెల్లో చూపే లోడ్ సెల్ ఉన్న నార్డిక్ బల్ల మీద కొలిస్తే ఎడమ 318 న్యూటన్లు, కుడి 297. తేడా ఏడు శాతం. నొప్పి లేదు, కాలు ఎత్తితే పూర్తిగా లేస్తోంది. ట్రాక్ మీదికి వెళ్తానని అబ్బాయి తొందర. ఎంపిక పోటీలు ఎలాగూ దాటిపోయాయి కాబట్టి నేను ఇంకో ప్రశ్న వేయదలచుకున్నాను: అలసిన తర్వాత ఏమవుతుంది?

ముందు ఒంటికాలి బ్రిడ్జ్. 60 సెంటీమీటర్ల పెట్టె మీద మడమ పెట్టి, నడుము ఎత్తి దించడం, ఇక చేతకాదనేదాకా. ఎడమ 31, కుడి 22. తాజా బలం దాదాపు సమానంగా ఉన్న కాళ్లు ఓర్పులో ఇంత దూరంగా ఉన్నాయి. ఆరో వారంలో కోచ్ గారి సమక్షంలో 150 మీటర్లు మూడుసార్లు, పూర్తి వేగానికి కాస్త తక్కువలో పరిగెత్తించాం. మర్నాడు ఉదయం పట్టీ పరీక్ష: ఎడమకాలు 214 నుంచి 200కు దిగింది. కుడికాలు 204 నుంచి 160కి. ఒకవైపు ఆరేడు శాతం తగ్గుదల, ఇంకోవైపు ఇరవై రెండు. రెండు రోజులకు కూడా కుడికాలు 182 దగ్గరే ఉంది. మూడో రోజుకు గానీ కోలుకోలేదు.

ఈ ఒక్క ఉదయం కొలిచిన అంకెలు ఆ కేసును మలుపు తిప్పాయి. స్పీడ్ సెషన్ల మధ్య ఒక రోజే విరామం ఇచ్చే పాత పద్ధతిలో, కుడికాలు సుమారు పదో వంతు బలం లేకుండానే మళ్లీ పూర్తి వేగానికి వెళ్లి ఉండేది. గాయమైన వారంలో మూడు సెషన్ల మధ్య అదే జరిగి ఉంటుందని నా అంచనా. అంచనా అనే అంటున్నాను, అప్పుడు ఎవరూ కొలవలేదు కాబట్టి.

అందుకని మూడు వారాలు వేగాన్ని పూర్తి స్థాయికి పెంచలేదు. స్పీడ్ సెషన్ల మధ్య కనీసం 72 గంటలు పెట్టాం. ఒంటికాలి బ్రిడ్జ్, బరువుతో రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (మోకాళ్లు కొద్దిగానే మడిచి, తుంటి దగ్గర వంగి లేవడం), వారానికి రెండుసార్లు నార్డిక్. తొమ్మిదో వారంలో అదే 150 మీటర్ల పరీక్ష మళ్లీ చేస్తే మర్నాడు ఎడమ 216 నుంచి 204, కుడి 212 నుంచి 194. బ్రిడ్జ్ 33, 30. చివరగా ఆస్క్‌లింగ్ హెచ్ టెస్ట్: వెల్లకిలా పడుకుని, మోకాలు మడవకుండా పట్టీ కట్టి, కాలిని ఒక్క ఊపులో ఎంత వేగంగా ఎంత పైకి లేపగలడో చూడటం. ఆరో వారంలో ఇదే చేయించినప్పుడు సగంలో ఆపి, “నొప్పి లేదు మేడమ్, కానీ భయంగా ఉంది” అన్నాడు. ఆ భయాన్ని నేను పరీక్ష ఫలితంగానే రాసుకున్నాను. కండరం సిద్ధంగా లేనప్పుడు చాలాసార్లు ముందు తెలిసేది ఆ క్రీడాకారుడికే. తొమ్మిదో వారంలో తడబాటు లేకుండా లేపాడు.

పదో వారంలో పూర్తి శిక్షణ, పదమూడో వారంలో 200 మీటర్ల పోటీ. స్వీడన్ అంకెలకంటే ఆలస్యమే. పాత గాయం మీద మళ్లీ వచ్చిన గాయానికి ఆ ఆలస్యం సమంజసమనే ఇప్పటికీ అనుకుంటున్నాను. ఆ తర్వాత ఒక సీజన్ పూర్తయింది, గాయం తిరగబెట్టలేదు. ఒక్క కేసుతో ఏదీ రుజువు కాదు. మేము ఇలా చేయకపోయినా తిరగబెట్టకుండా ఉండేదేమో.

రిపోర్టు ఎలా రాయాలి

బలం కొలవడం మానేయమని నేను అనడం లేదు. ఈ కేసంతా కొలతల మీదే నడిచింది. ‘గాయమవుతుందా?’ అన్నదానికి కొలత దగ్గర జవాబు లేదు. ‘ఈ వారం ఈ కాలికి ఏ పని ఇవ్వాలి?’ అన్నదానికి ఉంది, అది కూడా అదే మనిషి పాత అంకెతో పోల్చినప్పుడు. నివారణకు పనికొచ్చే వ్యాయామం మాత్రం పరీక్షలో నెగ్గినవాడికీ, నెగ్గనివాడికీ ఇవ్వాల్సిందే. డెన్మార్క్‌లో 942 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద చేసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, నార్డిక్ చేసిన జట్లలో 15 గాయాలైతే, చేయని జట్లలో 52. అక్కడ ఎవరినీ ముందుగా వడపోయలేదు, మొత్తం జట్టుకు జట్టే చేసింది. చాపా, పట్టుకోవడానికి ఇంకో మనిషీ ఉంటే చాలు. మన జిల్లా స్టేడియాల్లో అంతకంటే చవకైన నివారణ నాకు తెలియదు.

పెద్ద జట్లకు కూడా ఈ గాయం కొత్త కాదు. 2024 జనవరిలో ఉప్పల్‌లో ఇంగ్లండ్‌తో టెస్టు ఆడుతూ, నాలుగో రోజు పరుగు తీయబోయి జడేజా హామ్‌స్ట్రింగ్ గాయంతో విశాఖపట్నం టెస్టుకు దూరమయ్యాడు. నిత్యం ఫిజియోలు వెంట ఉండే ఆటగాడికే తప్పనిదాన్ని, ఒక్క పరీక్షతో తేల్చేస్తామని పల్లె నుంచి వచ్చిన కుటుంబానికి మాట ఇవ్వడం అన్యాయం. ల్యాబ్‌లు నడిపేవారికి నా విన్నపం ఒక్కటే: ఆ ఆకుపచ్చ, ఎర్ర గడులు తీసేయండి. అంకెలు, కొలిచిన కోణం, వేగం, తేదీ, పాత గాయాల వివరం ఇవ్వండి. పాత గాయం గడి ఖాళీగా ఉంటే రిపోర్టు బయటికి పంపకండి.

ఇప్పుడు కోచ్ గారి పుస్తకంలో రెండు గళ్లు కొత్తగా చేరాయి: ఉదయం పట్టీ అంకె, పూర్తి వేగంతో పరిగెత్తి ఎన్ని రోజులైంది. వర్షాకాలంలో అబ్బాయికి వైరల్ జ్వరం వచ్చి పది రోజులు మంచం పట్టినప్పుడు కుడికాలు అంకె బాగా దిగింది. ఎవరూ నన్ను అడగకుండానే స్పీడ్ సెషన్ వాయిదా వేసి, వేగాన్ని మెట్లు మెట్లుగా పెంచారు. ఈ ఏడాది 400 మీటర్లు కూడా ప్రయత్నిస్తానంటున్నాడు. దానికి 150 మీటర్ల అలసట పరీక్ష సరిపోదు. 300 మీటర్లు రెండుసార్లు పరిగెత్తించి, మర్నాడూ ఆ మర్నాడూ కొలవాలని కోచ్ గారితో అనుకున్నాం. మొదటి అంకెలు వచ్చే వారం వస్తాయి.